నొప్పించే పాత జానపద గీతాన్ని క్లాసులో, సెమినార్‌లో పాడాలంటే: సమగ్ర మార్గదర్శి

తెలుగు లెక్చరర్లు, జానపద సాహిత్యం మీద ప్రాజెక్టు చేస్తున్న ఎం.ఏ. విద్యార్థులు, సంఘాల్లో సాంస్కృతిక కార్యక్రమాలు చూసుకునేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "పాట పాతది, విలువైనది. కానీ అందులో కులం పేరో, ఆడవాళ్ల మీద చులకన మాటో ఉంది. పాడాలా, మానాలా? పాడితే ఎలా?"

వరస తెలిస్తే ఈ పని కష్టమేమీ కాదు. గొడవైన చోట తప్పు ఎక్కువగా పాడిన తీరులో కనిపించదు, పాడకముందు వదిలేసిన పనుల్లో కనిపిస్తుంది. అందుకే ఈ మార్గదర్శిలో సగానికి పైగా స్టేజి ఎక్కకముందు చేయాల్సినవే ఉన్నాయి.

1. మీ పాట ఏ రకమో ముందు తేల్చుకోండి

నొప్పించే పాటలన్నిటికీ ఒకే మందు పనిచేయదు. నాలుగు రకాలుగా విడదీసి చూడండి.

కులం పేరుతో వెక్కిరించేవి. కొన్ని పగటివేషాల్లో, వీధినాటకాల హాస్యపు పాటల్లో, కొన్ని సామెత పాటల్లో ఇవి కనిపిస్తాయి. వీటిని పాడకపోవడమే మొదటి నియమం. అచ్చులో చూపించి మాట్లాడండి. పాడి తీరాలనుకుంటే అది మీరొక్కరే తీసుకునే నిర్ణయం కాకూడదు.

ఆడవాళ్లను తగ్గించేవి. అత్త కొట్టినా మారుమాట్లాడొద్దని చెప్పే అప్పగింతల పాటలు, కొడుకు పుట్టాలని మాత్రమే కోరుకునే జోలపాటలు, చిన్నపిల్లకు ముసలి మొగుణ్ణి కట్టబెట్టే వేళాకోళం పాటలు ఈ కోవలోవి. వీటిని పాడొచ్చు. అయితే చర్చకు చోటు లేని కార్యక్రమంలో పాడొద్దు.

ఒంటి రంగును, రూపాన్ని, వైకల్యాన్ని ఎగతాళి చేసేవి. పెళ్లిళ్లలో వియ్యాలవారిని తిట్టే పాటల నిండా ఇవే. "సరదా పాటే కదా" అని అందరూ తేలిగ్గా తీసుకుంటారు కాబట్టి ఎక్కువ జాగ్రత్త పడాల్సింది వీటి దగ్గరే.

బూతు పాటలు. తిరుపతి గంగమ్మ జాతరలో వేషం కట్టినవాళ్లు బూతులు తిట్టడం ఆచారంలో భాగం. తెలంగాణలో కాముని పున్నమి ముందు పాడే పాటల్లోనూ పచ్చిమాటలు దొర్లుతాయి. ఆ తిట్టుకు ఆ రోజు, ఆ వేషం, ఆ వీధి అనుమతి ఇస్తాయి. సెమినార్ హాలు ఇవ్వదు. పీజీ స్థాయిలో పాఠం చదవొచ్చు, స్కూల్లో అసలు వద్దు.

రకం తేలాక ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ పాటను చదివి వినిపిస్తే సరిపోయే పాఠానికి పాడటం ఎందుకు? "బాణీ వింటే తప్ప ఈ సంగతి అర్థం కాదు" అని ఒక వాక్యంలో రాయగలిగితే ముందుకు వెళ్లండి. రాయలేకపోతే అచ్చుప్రతి పంచితే చాలు.

2. పాట చరిత్ర కార్డు తయారు చేయండి

పాట ఎక్కడిదో చెప్పలేనివాళ్లు దాన్ని సమర్థించుకోలేరు. ఒక పోస్టుకార్డు సైజు కాగితం మీద ఇవి నింపండి:

☐ ఎవరు పాడేవాళ్లు (ఆడవాళ్లా, మగవాళ్లా, ఏ పనివాళ్లు)
☐ ఎవరి ముందు, ఎవరిని ఉద్దేశించి
☐ ఏ సందర్భంలో (నాట్లు, దంపుడు, పెళ్లి బంతి, జాతర)
☐ తిట్టు తిన్నవాళ్లకు తిరిగి పాడే హక్కు ఉండేదా
☐ మీ ప్రతి ఎక్కడిది: అచ్చు సంకలనమా, రికార్డింగా, ఇంట్లో పెద్దవాళ్ల నోటి మాటా
☐ వేరే ప్రతుల్లో ఆ మాట ఉందా, మారిందా

నాలుగో గడి అన్నిటికన్నా ముఖ్యం. పెళ్లిలో ఆడపెళ్లివారు తిడితే మగపెళ్లివారు అంతకు రెట్టింపు తిరిగి తిట్టొచ్చు. పొలం గట్టు మీద కూలీ కులాన్ని వెక్కిరిస్తూ ఆసామి పాడితే కూలీ తిరిగి పాడలేడు. రెండింటినీ "జానపద హాస్యం" అనే ఒకే గాటన కట్టేస్తే పాఠం అక్కడే చెడుతుంది.

ప్రతుల విషయం. నేదునూరి గంగాధరం, కృష్ణశ్రీ వంటివారి సంకలనాలు, బిరుదురాజు రామరాజు గారి జానపద గేయ పరిశోధన మంచి కాలేజీ లైబ్రరీల్లో దొరకొచ్చు. వరంగల్‌లోని తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం వారిని అడిగినా దారి చూపుతారు. అయితే అచ్చులో ఉన్నదే అసలు పాట అనుకోవద్దు. ముతక మాటలున్న చరణాలు అచ్చుకు ఎక్కకపోవడం మామూలే. పుస్తకంలో మూడు చరణాలుంటే మీ అమ్మమ్మకు ఏడు వచ్చి ఉండొచ్చు.

ఇంట్లోనో ఊళ్లోనో పెద్దావిడ దగ్గర పాట రికార్డు చేసుకుంటే ఎక్కడ వాడబోతున్నారో ముందే చెప్పండి. "నలుగురిలో వినిపిస్తాను, నీ పేరు చెప్పనా వద్దా పిన్నమ్మా?" అని అడగడానికి అర నిమిషం పడుతుంది. వంటింట్లో నవ్వుతూ పాడిన పాట మైకులో తన పేరుతో వినిపిస్తే తలెత్తుకోలేననే మనిషి ఉంటారు.

3. చట్టం ఎక్కడ అడ్డొస్తుందో తెలుసుకోండి

"చదువు కోసమే పాడాను" అనే మాట మంచిదే. కానీ ఆ మాట దానంతట అదే రక్షణ కాదు.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989లోని సెక్షన్ 3(1)(ఆర్), 3(1)(ఎస్) ప్రకారం పదిమందికీ కనబడే చోట ఉద్దేశపూర్వకంగా అవమానించడం, కులం పేరుతో దూషించడం నేరాలు. శిక్ష 6 నెలల నుంచి 5 ఏళ్లు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 సెక్షన్ 92 కూడా బహిరంగంగా అవమానించడాన్ని ఇదే స్థాయిలో శిక్షిస్తుంది. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 296 అయితే బహిరంగ ప్రదేశంలో ఇతరులకు ఇబ్బంది కలిగేలా అశ్లీల పాట పాడటాన్ని పేరు పెట్టి మరీ చెబుతుంది.

వీటిలో ఉద్దేశం ఏమిటన్నది పెద్ద ప్రశ్న. మీ ఉద్దేశం కాగితం మీద ఉంటే మీకే మేలు: పాఠ్యాంశం పేరు, ఎంపికకు కారణం, శాఖాధిపతి సంతకం. పాట ఏ సముదాయం గురించైనా ఈ కాగితం ఉండాలి. 2022 జనవరిలో ఆర్యవైశ్యుల అభ్యంతరాల తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'చింతామణి' నాటక ప్రదర్శనను నిషేధించింది. కాళ్లకూరి నారాయణరావు రాసిన నాటకం వేరు, ఊళ్లలో అందులోని సుబ్బిశెట్టి అనే వైశ్య పాత్రకు కలిపి ఆడినది వేరు అనే వాదన అప్పుడు గట్టిగా వినిపించింది. మీరు వాడే ప్రతి ఏదో రాసిపెట్టుకోమనడం అందుకే.

కులం పేరున్న పాట అయితే కాలేజీ లీగల్ సెల్‌నో, తెలిసిన లాయర్‌నో ఒకసారి అడగండి. ఈ నాలుగు పేరాలు ఆ పని చేయవు.

4. పాట ఎవరికి తగులుతుందో వాళ్ల సంగతి ముందు చూడండి

ఇక్కడ మంచి మనసుతోనే చేసే పొరపాటు ఒకటుంది. క్లాసులో ఉన్న ఒక్క దళిత విద్యార్థినో, ఒక్క చామనఛాయ అమ్మాయినో పక్కకు పిలిచి "నీకేం ఇబ్బంది లేదుగా?" అని అడగడం. టీచర్ అడిగితే ఆ పిల్ల "లేదు మేడమ్" అనే అంటుంది. అది అనుమతి కాదు. పైగా ఆ పాట తన గురించేనని మీరే వేలెత్తి చూపినట్టయింది.

దానికి బదులు:

☐ బయటి నుంచి ఆ సముదాయానికి చెందిన కళాకారుణ్ణో, అధ్యాపకురాలినో పిలిచి పాఠ్యప్రతి చూపించండి. వాళ్ల సమయానికి డబ్బివ్వండి.
☐ వాళ్లు "ఈ చరణం వద్దు" అంటే తీసేయండి. వాదించాలనుకుంటే వాళ్లను పిలవకండి.
☐ వారం ముందే క్లాసు మొత్తానికి ఒకే నోటీసు ఇవ్వండి: ఏ పాట, అందులో ఏ తరహా మాటలున్నాయి, రానివాళ్లకు హాజరు పోదు, కారణం చెప్పక్కర్లేదు.
☐ రానివాళ్లకు వేరే పని ఇవ్వండి, అదే మార్కులతో.
☐ పాత్రలు పంచేటప్పుడు నల్లగా ఉన్నవాణ్ణి "నల్ల పెళ్లికొడుకు"గా కూర్చోబెట్టొద్దు. ఇంటిపేరు చూసి కులం పాత్ర ఇవ్వొద్దు.

5. పాఠ్యప్రతికి మూడు గుర్తులు పెట్టండి

అసలు పని ఇది. పాటలోని ప్రతి పాదం పక్కన మూడింటిలో ఒకటి రాయండి: పాడేది, చదివేది, ఆపేది.

పాడేది అంటే బాణీలో వచ్చేది. చదివేది అంటే బాణీ ఆపి, మామూలు గొంతుతో, పుస్తకం చూసి చదివేది. ఆపేది అంటే నోటితో పలకకుండా "ఇక్కడ ఒక కులం పేరు తిట్టుగా ఉంది" అని చెప్పి దాటేది.

ఒక మచ్చు చూద్దాం. పెళ్లి తిట్ల పాట ధోరణిలో, చూపించడం కోసం నేనే కట్టిన పాదాలు ఇవి:

నల్లనివాడే నీ కొడుకు వియ్యపురాలా
నట్టింట బోర్లించిన పెనమే వియ్యపురాలా
కోకకు బెత్తెడు జరీ లేదు వియ్యపురాలా
గొప్పలు మాత్రం గంపెడులే వియ్యపురాలా

కింది రెండు పాదాలూ గొప్పలకు పోయే మనిషి మీద ఛలోక్తి. హాయిగా పాడండి, నవ్వనివ్వండి. పై రెండూ ఒంటి రంగు మీద. వాటిని పాడితే ఏమవుతుందో క్లాసుల్లో పనిచేసినవాళ్లకు తెలుసు: బెల్లు కొట్టేలోపు వెనక బెంచీలో ఎవరో ఒకరికి "పెనం" అని పేరు పడిపోతుంది. సంవత్సరం పొడుగునా పోదు. కాబట్టి పై రెండు పాదాలకు "చదివేది" అని రాయండి. చివర వచ్చే "వియ్యపురాలా" అనే వంత కూడా అక్కడ ఉండకూడదు.

మాట మార్చి పాడటం సంగతి. చాలామంది "నల్లనివాడే" తీసేసి "చల్లనివాడే" అని పాడేసి ఊపిరి పీల్చుకుంటారు. వినోద కార్యక్రమంలో అయితే సరే, ఎవరూ కాదనరు. పాఠంలో మాత్రం అది అబద్ధం అవుతుంది. మార్చితే మార్చానని చెప్పండి, తీసేస్తే తీసేశానని చెప్పండి. పాత పాటలన్నీ కడిగిన ముత్యాలేనని పిల్లలు అనుకుంటే మీరు పాఠం చెప్పనట్టే.

6. రిహార్సల్: బాణీని అదుపులో పెట్టండి

జానపద బాణీ గుణమే జనాన్ని కలుపుకోవడం. రెండో చరణానికి కాళ్లు ఆడతాయి, మూడో చరణానికి చప్పట్లు పడతాయి. తిట్టు పాదం వచ్చేసరికి హాలంతా తిట్టుకు తాళం వేస్తుంటుంది. అందులో ఆ తిట్టు తగిలిన పిల్లాడు కూడా ఉంటాడు, తప్పక చేతులు కలుపుతూ. ఇలా జరగకుండా చూడటమే రిహార్సల్ పని.

ఇలా సాధన చేయండి:

ముందు పాటంతా వాయిద్యం లేకుండా పాడండి. తర్వాత తాళం మాత్రం చేర్చండి. "చదివేది" అని గుర్తు పెట్టిన చోటికి ఒక పాదం ముందే తాళం ఆగాలి. ఇది చెప్పినంత సులువు కాదు. చేతులు అలవాటులో కొట్టుకుపోతాయి. వాయించేవాళ్ల కాగితం మీద కూడా ఆ గుర్తు పెట్టండి.

వేగం సగానికి తగ్గించండి. ఊపు తగ్గితే మాట వినపడుతుంది. మనకు కావలసింది మాట వినపడటమే.

యాస పెట్టి, గొంతు మార్చి, మూతి తిప్పి పాడొద్దు. నత్తి పాటకు నత్తి నటించొద్దు. ముఖానికి రంగు పూయడం, పలానా కులం కట్టుబొట్టు అని వేషం వేయడం అసలే వద్దు. కాగితం చేతిలో పట్టుకుని పాడటం ఇక్కడ లోపం కాదు. "ఇది నా మాట కాదు, నేను చూపిస్తున్న పాట" అని ఆ కాగితమే చెబుతుంది.

డప్పు విషయం వేరేగా చెప్పాలి. మాదిగ కళాకారులు తరాలుగా కాపాడుకొచ్చిన వాయిద్యం అది. కులాన్ని వెక్కిరించే పాటకు దాన్ని కామెడీ చప్పుడుగా వాడితే తిట్టు రెట్టింపవుతుంది. డప్పు కావాలనుకుంటే డప్పు కళాకారుణ్ణి పిలిచి, ఆయనకు నచ్చిన పాటకు ఆయన్నే వాయించమనండి.

7. ముందుమాట రాసుకుని చదవండి

నోటికొచ్చినట్టు చెబితే టెన్షన్‌లో సగం మర్చిపోతారు, మిగతా సగం క్షమాపణలా వినిపిస్తుంది. నిమిషంన్నరకు మించని ముందుమాట ఇలా ఉండొచ్చు:

"ఇప్పుడు వినబోయేది పెళ్లిలో ఆడపెళ్లివారు మగపెళ్లివారిని తిట్టే పాట. భోజనాల బంతి దగ్గర ఆడవాళ్లు పాడేవారు, అవతలివాళ్లు బదులు పాడేవారు. ఇందులో రెండు పాదాలు ఒంటి రంగును ఎగతాళి చేస్తాయి. వాటిని పాడను, చదువుతాను. పెళ్లిపందిట్లో ఆడవాళ్లకు ఏ మాట అనే స్వేచ్ఛ ఉండేది, ఆ స్వేచ్ఛలో ఎవరు నలిగేవారు అన్నది మన చర్చ. దయచేసి చప్పట్లు, వంత వద్దు. రికార్డు చేయొద్దు. బయటికి వెళ్లాలనుకుంటే ఎప్పుడైనా వెళ్లండి, ఎవరూ అడగరు."

"ఎవరి మనోభావాలూ దెబ్బతీయడం మా ఉద్దేశం కాదు" అనే అరిగిపోయిన వాక్యం పెట్టొద్దు. వినేవాళ్లకు అది ఇక దెబ్బ పడబోతోందనే గంటలా వినిపిస్తుంది.

8. ఆ రోజు వరస

(1) తలుపు దగ్గరి కుర్చీలు ఖాళీగా ఉంచండి. లేచి వెళ్లేవాళ్లు పదిమందిని దాటుకుని వెళ్లకూడదు.
(2) ముందుమాట.
(3) పాఠ్యప్రతి పంపకం, రెండు నిమిషాలు మౌనంగా చదువుకోనివ్వడం.
(4) పాట. మూడు నాలుగు చరణాలు చాలు.
(5) పాట అవగానే కాసేపు మాట్లాడకండి. చప్పట్లకు అవకాశం ఇవ్వకుండా నేరుగా మొదటి ప్రశ్న వేయండి.
(6) చర్చ. పాటకు పట్టినదానికన్నా కనీసం మూడు రెట్ల సమయం.
(7) ఎదురు పాట. అత్తను ఏకిపారేసే కోడలి పాటో, దొరను దెప్పే కూలీ పాటో. దీన్ని మాత్రం వాయిద్యాలతో, వంతతో పాడండి.

ఏడోది వదిలేయొద్దు. తిట్టు పాటతో క్లాసు ముగిస్తే పిల్లలు ఆ బాణీనే ఈల వేసుకుంటూ బయటికి వెళతారు.

9. ఇలా జరిగితే ఏం చేయాలి

తిట్టు పాదానికి నవ్వులు పేలాయి. కోప్పడొద్దు. పాట ఆపి "ఇప్పుడు మనకు నవ్వెందుకొచ్చింది?" అని అడగండి. చాలాసార్లు ఆ రోజు మంచి చర్చ దీంతోనే మొదలవుతుంది.

ఒకరు లేచి వెళ్లిపోయారు. అటు చూడకండి, పేరు పిలవకండి. మర్నాడు కూడా మీరే కదిలించొద్దు, వాళ్లు వస్తే వినండి.

పెద్దాయన ఒకరు లేచి "మా చిన్నప్పుడు అందరం పాడుకున్నాం, ఎవరూ ఏమీ అనుకోలేదు" అన్నారు. ప్రతి సభలోనూ ఈయన ఉంటారు. కొట్టిపారేయొద్దు. "అనుకున్నవాళ్లు పైకి అనగలిగే వీలు అప్పట్లో ఉండేదాండీ?" అని మర్యాదగా అడిగి, జవాబు కోసం ఆగండి. కొందరు నిజంగానే ఆలోచిస్తారు.

నోరు జారి "ఆపేది" అని రాసుకున్న మాట పలికేశారు. వెంటనే ఆపి, "ఈ మాట పలకనని చెప్పి పలికాను, క్షమించండి" అని ఒక్క వాక్యం చెప్పి ముందుకు సాగండి. పది నిమిషాల సంజాయిషీ ఇస్తే సభంతా మీ బాధ చుట్టూ తిరుగుతుంది.

ఎవరో రికార్డు చేసి వాట్సాప్‌లో పెట్టారు. ముందుమాట లేని ఇరవై సెకన్ల ముక్క అది. పెట్టినవాళ్లను తీసేయమని అడగండి, శాఖాధిపతికి ఆ గంటలోనే రాతపూర్వకంగా చెప్పండి, చరిత్ర కార్డు, పాఠ్యప్రతి, సంతకం ఉన్న కాగితం పంపండి. గ్రూపులో వాదనకు దిగొద్దు.

ఫిర్యాదు వచ్చింది. "అర్థం చేసుకోలేదు" అనకండి. ఏ పాదం, ఏ మాట అని అడిగి రాసుకోండి. ఫిర్యాదులో న్యాయం ఉంటే మళ్లీసారి ఆ పాదం "ఆపేది" అవుతుంది.

10. విదేశాల్లోని తెలుగు సంఘాలకు

అక్కడి పిల్లలకు మాట అర్థం కాదు, బాణీ నచ్చుతుంది. తల్లిదండ్రులకు మాట బాగానే అర్థమవుతుంది. ఈ తేడా వల్ల కులం మాటున్న పాటను ఎనిమిదేళ్ల పిల్లతో సంక్రాంతి స్టేజి మీద పాడించేస్తారు. పిల్లల చేత ఇలాంటివి పాడించొద్దు, అంతే.

హాల్లో ఉన్నవాళ్లంతా మనవాళ్లే, ఒకటే కులం అనుకోవడం కూడా తప్పే. సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. కులం ఊళ్లోనే ఉండిపోయిందనుకునే రోజులు పోయాయి. నొప్పించే పాటను పండుగ కార్యక్రమంలో కలపకండి. విడిగా, పెద్దవాళ్లకు మాత్రమే, చర్చతో కలిపి పెట్టండి.

11. పాట అయ్యాక

☐ అధికారిక రికార్డింగ్ ఉంటే ముందుమాట, చర్చ కలిపి ఒకే ఫైలుగా ఉంచండి. పాటను విడిగా కత్తిరించి ఇవ్వొద్దు.
☐ యూట్యూబ్‌లో పెట్టకండి. లైబ్రరీలో అడిగినవాళ్లకు వినిపిస్తే చాలు.
☐ పరీక్షలో తిట్టు పాదాన్ని పూరించమని ఖాళీ ఇవ్వొద్దు. కంఠస్థం చేయించడం మన పని కాదు.
☐ పాట ఇచ్చిన పెద్దావిడకు చర్చలో ఏం మాట్లాడుకున్నారో చెప్పండి. తాను ఆ పాట ఎందుకు మానేసిందో అప్పుడు చెప్పొచ్చు. చెబితే కార్డు వెనక రాసుకోండి.
☐ వారం తర్వాత క్లాసులో ఒక చెవి వేసి ఉంచండి. పాటలోని మాట ఎవరికైనా ముద్దుపేరుగా అతుక్కుని ఉంటే, పేరు పెట్టినవాళ్లను విడిగా పిలిచి అదే రోజు ఆపించండి.